ముప్పై రెండో బోల్టు

విజయపురి సౌత్ నుంచి వచ్చిన బస్సు మాచర్ల స్టాండులో ఆగేసరికి ఉదయం తొమ్మిది ఇరవై. అందరూ దిగారు. చివరి సీటులో కిటికీ పక్కన కూర్చున్న మనిషి మాత్రం దిగలేదు.

"ఏందయ్యా, మాచర్ల వచ్చింది, లెగువు," అంటూ కండక్టరు భుజం తట్టాడు. మనిషి పక్కకి ఒరిగిపోయాడు. మెడ వెనక, కాలరు కింద, దోమ కుట్టినంత ఎర్రటి చుక్క ఉంది.

పోయినవాడి పేరు బాలకోటయ్య. ఇన్‌స్ట్రుమెంట్ మెకానిక్. ప్రెషర్ గేజిలు నిజం చెబుతున్నాయా, అబద్ధం చెబుతున్నాయా అని పరీక్షించడం అతని ఉద్యోగం. జేబులో బస్సు టిక్కెట్టు, సగం వాడిన వక్కపొడి పొట్లం, సిగరెట్ పెట్టె అట్ట చించి రాసిన చీటీ దొరికాయి. చీటీ మీద పెన్సిలుతో ఒకే ఒక్క లైను.

5000 – 3400.

పోలీసులు దాన్ని లాటరీ నంబరు అనుకున్నారు. అనుకోవడంతో వాళ్ల దర్యాప్తు పూర్తయింది.

అది 1969, ఫిబ్రవరి నెల.

ఆ సాయంత్రం నరసరావుపేటలో ఒక పత్తి గోడౌన్ తలుపు తట్టాడు ఏజెంట్ ప్రభాకరరావు.

"దొండపాదు కాసిందా?" లోపలి నుంచి గొంతు.

"పూత రాలిపోయింది."

తలుపు తెరుచుకుంది. ఈ కోడ్‌వర్డ్ నాలుగేళ్లుగా మారలేదు. మార్చమని ప్రభాకరరావు రెండుసార్లు రాశాడు. ఫైలు నడుస్తోందని జవాబు వచ్చింది.

పత్తి బేళ్ల మధ్య కుర్చీలో చీఫ్ శివరామయ్య కూర్చుని ఉన్నాడు. కుశలప్రశ్నలు అడిగే అలవాటు ఆయనకి లేదు. బస్సులో పోయిన మెకానిక్ జేబులో దొరికిన చీటీ ముందుకు తోశాడు.

"టార్గెట్, ఈ బాలకోటయ్య పనిచేసిన నల్లబండ రేవు పంప్‌హౌస్. గురజాల నుంచి పదహారు మైళ్లు. ఎల్లుండి ఉదయం పది నలభైకి మంత్రిగారు స్విచ్ నొక్కుతారు. కృష్ణ నీళ్లు నూట ఎనభై అడుగులు పైకెక్కి మెట్ట పొలాల్లో పడాలి."

"పడకుండా చేసేదెవరు?"

"సర్కిల్ సెవెన్. ఈ దేశం సొంతంగా ఏది కట్టినా కూలిపోతుందని లోకానికి చూపించడం వాళ్ల వ్యాపారం." శివరామయ్య ఒక ఫోటో తీశాడు. నెరిసిన జుట్టు, నవ్వని కళ్లు. "వోల్కర్. ఐదు పాస్‌పోర్టులు. ఇప్పుడు ఒక విదేశీ కంపెనీ డెమాన్‌స్ట్రేటర్ వేషంలో దిగాడు. హైడ్రాలిక్ టార్క్ రెంచ్ తెచ్చాడు."

"అదేం ఆయుధం?"

"ఆయుధం కాదయ్యా, పానా. బోల్టులు బిగించేది."

ప్రభాకరరావుకి నలభై ఏడేళ్లు. మోకాళ్లు నొప్పి. పానాల వెంట పడడానికా ఇంతకాలం బతికింది అనిపించింది.

"నాకంటే ముందు ఎవరైనా వెళ్లారా?"

"ముగ్గురు. ఒకడు కాలవలో తేలాడు. ఒకడు ఎక్కడా తేలలేదు. మూడోవాడి రాజీనామా ఉత్తరం వచ్చింది, చేతిరాత మాత్రం వాడిది కాదు."

"మరి నన్నే ఎందుకు?"

"మిగిలింది నువ్వే."

గాడ్జెట్లు ఇచ్చారు. ఫౌంటెన్ పెన్ను కెమెరా. ఫోటోలు తీస్తుంది, రాయదు. చేతిగడియారంలో రేడియో. రేంజి ఎంత అని అడిగితే విజయవాడ స్టేషను బ్రహ్మాండంగా వస్తుందన్నారు. మూడు తూటాల పిస్టల్ ఒకటి. వేషం, ఇన్సూరెన్స్ ఏజెంటు.

"నిన్ను చూడగానే జనం మొహం తిప్పుకుంటారు. అంతకంటే మంచి కవర్ లేదు," అన్నాడు చీఫ్. "అక్కడ వోల్కర్‌కి దుబాసీగా సుందరి అనే అమ్మాయి ఉంది. ఆరు నెలలుగా మన మనిషి. మూడు నెలలుగా వాళ్ల మనిషి కూడానని విన్నాను."

"ఏది నిజం?"

"ఆమెకైనా తెలిస్తే బాగుణ్ణు."

నల్లబండ రేవు పంప్‌హౌస్ అంటే నేలలోకి ముప్పై ఐదు అడుగులు తవ్విన కాంక్రీటు గుంట. దిగడానికీ ఎక్కడానికీ ఒకటే ఇనప నిచ్చెన. అడుగున నిలువెత్తు మనిషి నడవగలిగినంత పైపు. ఆ పైపు రెండు ముక్కలు కలిసేచోట ఎదురెదురుగా రెండు ఉక్కు పట్టీలు, వాటి మధ్య రబ్బరు, వాటిని కలిపి పట్టుకున్న ముప్పై రెండు బోల్టులు. ఒక్కొక్కటి మణికట్టంత లావు. అవి వదిలితే గుంట నిండడానికి రెండు నిమిషాలు చాలు.

ఫిట్టర్ల మేస్త్రీ దేవదాసు పంపు పెట్టె మీద గుడ్డ వేసి తుడుస్తున్నాడు. యాభై ఏళ్ల మనిషి. ఎడమ చేతికి రెండు వేళ్లు లేవు.

"వందనాలయ్యా. పాలసీ అయితే వద్దు," అన్నాడు, మర్నాడు నిచ్చెన దిగొచ్చిన ప్రభాకరరావుని చూడగానే.

"పాలసీ తర్వాత. ఈ పనిలో ప్రమాదం ఎంతో రాసుకోవాలి. ఆ వేళ్లెట్లా పోయినయ్?"

"సుత్తి పని. ఒకడు పానా పట్టుకోవాల, ఇంకోడు పన్నెండు పౌన్ల సుత్తితో కొట్టాల. కొట్టేవాడికి తుమ్మొచ్చింది." దేవదాసు నవ్వాడు. "ఇప్పుడా బాధ లేదులే. ఇదిగో, ఇది చూడు."

అతని గొంతు మారింది. కొత్త ఎద్దుల జతని చూపించే రైతు గొంతు అది.

"ఈ పెట్టె పంపు. నూనెని గట్టిగా నూకిద్ది. నూనె ఈ గొట్టంలోంచి పోయి, ఈడ, లోపల పిస్టన్ని నెట్టిద్ది. పిస్టను ఈ చెయ్యిని తోసిద్ది, చెయ్యి పళ్లచక్రాన్ని తిప్పిద్ది. దాంతోపాటే నట్టు కాస్తంత తిరిగిద్ది. పిస్టను ఎనక్కొస్తది గానీ చక్రం ఎనక్కి రాదు. మళ్లా నెట్టిద్ది, మళ్లా కాస్త. అంతే."

"నట్టు తిరక్కుండా మిషనే తిరిగితే?"

"బాగా అడిగావ్! అందుకే ఈ రెండో కాలు. రియాక్షన్ ఆర్మ్ అంటాడు దొర. దీన్ని పక్క నట్టుకి ఆనించాల. బరువు నెట్టేప్పుడు గోడకి కాలు తన్నిపెట్టుకోమా, అట్టా. ఆ సందులో ఏలు పెట్టావా, ఇక ఆ ఏలు నీది కాదు."

"సరిపడా బిగిసిందని ఎట్లా తెలుస్తుంది?"

"ఈ గేజి. ముల్లు అయిదు వేల కాడికొచ్చి ఆగిద్ది. అప్పుడిక ఎంత నూకినా నట్టు కదల్దు. అన్నిటికీ ఒకటే బిగువు. సుత్తి పనిలో ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ. రబ్బరు ఒక పక్క నలిగి నీళ్లు కారేయి. ఇది ఎదురెదురుగా మూడు దఫాలు బిగించుకొస్తే చుక్క కారదు. పదిమంది మూడు రోజులు చేసే పని నలుగురం ఒక్క పూటలో చేశాం సారూ. ఒక్కడి ఏలు చిట్లలా."

ప్రభాకరరావు వినడం లేదు. గేజి మీద అయిదు వేల అంకె చూస్తున్నాడు. బాలకోటయ్య చీటీ అతని గుండెలో గుచ్చుకుంది.

గేజి అబద్ధం చెబుతోంది. అంతవరకు తేలిపోయింది. కాని ఎటువైపు? ముల్లు 5000 చూపినప్పుడు అసలు బలం 3400 అయితే, బోల్టులన్నీ వదులు. నీళ్లు రాగానే పట్టీలు విడిపోతాయి. అలా కాక ముల్లు 3400 చూపినప్పుడే అసలు బలం 5000 అయితే, బోల్టులన్నీ అతిగా సాగిపోయి ఉన్నాయి. నీళ్లు రాగానే తెగిపోతాయి. బిగించాలా, వదులు చేయాలా? తప్పు వైపు తిప్పితే సర్కిల్ సెవెన్ పని తన చేత్తోనే పూర్తవుతుంది. చెప్పగలిగిన ఒక్క మనిషి బస్సులో పోయాడు. గేజిని పరీక్షించే పరికరాన్ని కూడా అదే ఉదయం ఎవరో విరగ్గొట్టారు. ఇంకొకటి రావాలంటే హైదరాబాదు నుంచి రావాలి, మూడు రోజులు.

"దేవదాసూ, రేపు స్విచ్ వేసేటప్పుడు గుంటలో ఎవరుంటారు?"

"మేమే. పద్నాలుగు మందిమి."

"పైకొచ్చి నిలబడండి. నా మాట విను."

దేవదాసు మొహం గట్టిపడింది. "మేం మాచర్ల రాతి పనోళ్లం సారూ. కమాను కట్టి కింద చెక్కలు లాగేప్పుడు కట్టినోడే దాని కింద నిలబడాల. మా తాత నిలబడ్డాడు, నాయన నిలబడ్డాడు. ఇనుము పనిలోకొచ్చినా మాకదే లెక్క. నేను పైకెక్కి నిలబడితే, దేవదాసు కట్టింది దేవదాసే నమ్మలేదంటది లోకం."

పక్కనే సిమెంటు తట్ట కడుగుతున్న అతని భార్య మణెమ్మ తల ఎత్తింది. "ఏందయ్యా నీ గోల? నేను గూడా నిలబడతన్నా. మోసింది నేను గాదా?"

ప్రభాకరరావు నిచ్చెన ఎక్కాడు.

చీఫ్ ఇంజనీరు దగ్గరికి వెళ్లాడు. ఆయన పందిరికి మామిడాకులు కట్టిస్తున్నాడు.

"ఇన్సూరెన్స్ వాళ్లు గేజిల సంగతి చెబుతున్నారన్నమాట! రేపు బస్సు కండక్టర్లు వచ్చి డ్యాము కడతారేమో."

గత్యంతరం లేక ప్రభాకరరావు తానెవరో చెప్పేశాడు. ఇంజనీరు గుర్తింపు కార్డు అడిగాడు. రహస్య విభాగం గుర్తింపు కార్డులివ్వదు. పోస్టాఫీసులో నరసరావుపేటకి ట్రంకాల్ బుక్ చేస్తే, పొద్దున్నించీ లైను తెగిపోయి ఉందన్నారు. తెగింది ఎవరి చేతుల్లోనో అతనికి వేరే చెప్పక్కర్లేదు.

మధ్యాహ్నం మూడింటికి గురజాల ట్రావెలర్స్ బంగళా వరండాలో సుందరి కనిపించింది. పట్టుచీర, నల్లకళ్లద్దాలు, పది గజాల దూరం నుంచే తెలిసే సెంటు. ఆ ఎండలో, ఆ దుమ్ములో అంత అందం చూస్తే మామూలు మనిషికి కళ్లు చెదరాలి. ప్రభాకరరావుకి భయమే వేసింది.

"దొండపాదు కాసిందా?"

"పూత రాలిపోయింది. కూర్చోండి, టైం లేదు." ఆమె గొంతు తగ్గించింది. "గేజి తక్కువ చూపిస్తోంది. ముల్లు అయిదు వేలన్నప్పుడు లోపల ఏడు వేలు దాటింది. బోల్టులన్నీ తెగడానికి సిద్ధంగా ఉన్నాయి. రేపు ఉదయం ఒక్కొక్క నట్టు పావు చుట్టు వదులు చేయించండి. అందరూ బతుకుతారు."

"మీ మాట ఎందుకు నమ్మాలి?"

"నమ్మకండి. వేరే దారి ఉంటే చూసుకోండి."

ఆమె టీ కప్పు ఎత్తింది. కప్పు సాసరుకి తగిలి టకటకలాడింది. నిజం చెప్పి భయపడుతోందో, అబద్ధం చెప్పి భయపడుతోందో పాతికేళ్ల సర్వీసున్న ఏజెంటు తేల్చుకోలేకపోయాడు.

మర్నాడు ఉదయం తొమ్మిది యాభై. పైన బ్యాండు మేళం మొదలైంది. వేదిక మీద వోల్కర్ మెడలో బంతిపూల దండ పడింది. కింద గుంటలో పద్నాలుగు మంది తలలు వంచి ప్రార్థన చేసుకుంటున్నారు. ప్రభాకరరావు నిచ్చెన దిగాడు.

"దేవదాసూ, నట్లన్నీ పావు చుట్టు వదులు చెయ్యాలి. ఇప్పుడే."

దేవదాసు అతన్ని తేరిపార చూశాడు. "నువ్వు పాలసీలమ్మేవాడివి గాదు."

"కాదు."

"పోలీసువా?"

"అంతకంటే పనికిరానివాణ్ణి. గేజి అబద్ధం, దేవదాసూ. దాన్ని పరీక్షించిన మనిషిని చంపేశారు."

మేస్త్రీ బోల్టుల వైపు తిరిగాడు. సంచిలోంచి చిన్న సుత్తి తీశాడు. రాతిపనివాళ్లు బండని తట్టి వినే సుత్తి అది. మంచి బండ ఖంగుమంటుంది, లోపల పగులున్నది డొల్లగా పలుకుతుంది. వరసగా బోల్టుల తలలు తట్టుకుంటూ పోయాడు.

"అన్నీ ఒకటే పలుకు. మిషను పనితనమే అది. ఏది బిగువో ఏది వదులో చెప్పాలంటే ఒకదానికొకటి తేడా ఉండాల గదా."

ప్రభాకరరావు గోడకి ఆనుకున్నాడు. ముప్పై రెండు బోల్టులూ ఒకే అబద్ధం చెబితే ఏ చెవి మాత్రం ఏం చేస్తుంది? సరే, వదులు చెయ్యండి అనబోయాడు.

"ఒకటి తప్ప," అన్నాడు దేవదాసు.

"ఏంటి?"

"ఆ గోడ పక్కది, ముప్పై రెండోది. ఆడ మిషను పట్టదు, చోటు లేదు. పాత పద్ధతిలో నేనే కొట్టి బిగించా." అతని గొంతు తగ్గిపోయింది. "దొర తట్టి చూసి నవ్వాడు. అతిగా బిగించావు, నీ చెయ్యి మొరటు అన్నాడు. ముప్పై ఒకటి ఒక మాట, నాదొక్కటి ఒక మాట. అందరి ముందర తప్పు ఒప్పుకున్నా సారూ. చానా సిగ్గేసింది."

"కొట్టు దాన్ని!"

దేవదాసు కొట్టాడు. ఖంగుమని గుంటంతా మోగింది. మిగతావి దాని ముందు డొల్లగా పలికాయని ప్రభాకరరావు చెవికి కూడా తెలిసింది.

సుందరి చెప్పినట్టు ఆ ముప్పై ఒకటీ అతిగా బిగిసి ఉంటే, అవే ఖంగుమనాలి. డొల్లగా పలికేది వదులు బోల్టు. అంటే ముల్లు 5000, అసలు బలం 3400.

"నీ చెయ్యి ఎప్పుడైనా తప్పిందా?"

"ఇరవై రెండేళ్లలో చేతి ఏళ్లు పోయినయ్ గానీ బోల్టు పోలా."

"అయితే నీదే ఒప్పు. ముప్పై ఒకటీ తప్పు. బిగించాలి!"

దేవదాసు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. తుడుచుకునే టైం లేదు. గడియారం పది నాలుగు. సుత్తితో అయితే మూడు రోజుల పని, చేతిలో ఉన్నది ముప్పై ఆరు నిమిషాలు. ఆ పని చేయగలిగింది లోకంలో ఒక్కటే ఉంది, శత్రువు తెచ్చిన మిషను. అబద్ధం గేజిది. నూనెకీ పిస్టనుకీ అబద్ధం తెలియదు.

ప్రభాకరరావు సుద్దముక్కతో గోడ మీద లెక్క వేశాడు. అసలు బలం 5000 కావాలంటే ఈ ముల్లు 7350 దాకా పోవాలి. పంపు మీట అతను పట్టుకున్నాడు. దేవదాసు రెంచ్ ఎక్కించాడు. మిగతావాళ్లు గొట్టాలు అందుకున్నారు. ఒక నట్టు ఇటు, దాని ఎదురు నట్టు అటు. ప్రతి నట్టు తర్వాతా దేవదాసు తట్టి విన్నాడు. ఖంగు. ఖంగు. ఖంగు.

పదీ ఇరవై అయిదుకి పదిహేడు పూర్తయ్యాయి. పైన మంత్రిగారి ఉపన్యాసం మొదలైంది. ప్రభాకరరావు జీవితంలో మొదటిసారి ఒక మంత్రి ఉపన్యాసం ఇంకా సాగాలని కోరుకున్నాడు. ఆయన కూడా జీవితంలో మొదటిసారి క్లుప్తంగా ముగించాడు.

పది ముప్పై ఎనిమిది. ముప్పై నట్లు అయ్యాయి. చప్పట్లు వినిపించాయి. కాళ్ల కింద నేల వణికింది. మోటారు తిరిగింది, పైపులోకి నీళ్లు ఎక్కుతున్నాయి. గోడ దగ్గర, దేవదాసు సుత్తితో బిగించినదాని పక్కన, ముప్పై ఒకటోది మిగిలింది. పట్టీల సందులోంచి దారమంత నీళ్లు చిమ్మి మణెమ్మ మొహాన కొట్టాయి.

రెంచ్ కాలు పక్క నట్టు మీద నుంచి జారిపోతోంది. ఆనడానికి చోటు చాలడం లేదు. దేవదాసు కుడిచేత్తో దాన్ని అదిమి పట్టాడు.

"నొక్కు సారూ!"

"చెయ్యి తియ్యి!"

"తీస్తే జారిపోద్ది. నొక్కు!"

నీటిదారం వేలంత లావైంది. పద్నాలుగు మంది. ఒకటే నిచ్చెన. ప్రభాకరరావు మీట నొక్కాడు. ముల్లు 7350 దాటేదాకా వదల్లేదు. దేవదాసు అరిచిన అరుపు బ్యాండు మేళంలో కలిసిపోయింది.

నీళ్లు ఆగిపోయాయి.

మణెమ్మ చీరకొంగు చించి భర్త చేతికి చుట్టింది. ఆమె ఏడవలేదు, ప్రభాకరరావు వైపు చూడనూ లేదు. చూసి తిట్టినా అతనికి తేలికగా ఉండేది. మీట నొక్కిన తన చేతిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక జేబులో దాచుకున్నాడు.

దేవదాసుని పైకి మోసుకుపోయాక వోల్కర్ నిచ్చెన దిగి వచ్చాడు. గోడ మీద సుద్ద లెక్క చదివాడు. ఇంగ్లీషులో ఏదో అన్నాడు.

"పరికరం కంపెనీ ఆస్తి అంటున్నారు," సుందరి తెలుగులో చెప్పింది.

వోల్కర్ రెంచ్ తుడిచి, పంపునీ గేజినీ పెట్టెలో సర్ది, తాళం వేశాడు. ప్రభాకరరావు చెయ్యి పిస్టల్ మీదకి వెళ్లింది. పైన అయిదు వందల మంది జనం, వాళ్లు దండలు వేసిన మనిషి ఇతను. అక్కడ ఏ నేరమూ జరగలేదు. జరక్కుండా ఆపింది తనే.

నిచ్చెన ఎక్కబోతూ సుందరి ఆగింది. "మీరు వదులు చేస్తారనుకున్నాను."

"నేనూ అనుకున్నాను."

"మా అమ్మ వాళ్ల దగ్గరుంది," అంది. క్షమాపణ అడగలేదు. అతను క్షమించనూ లేదు, తప్పు పట్టనూ లేదు. కళ్లద్దాలు పెట్టుకుని పైకెళ్లిపోయింది.

నాలుగో రోజు నరసరావుపేట గోడౌన్‌లో శివరామయ్య పేపరు చదువుతున్నాడు.

"గుంటలో ఒక్క చుక్క కారలేదంటే అది విదేశీ యంత్రం గొప్పతనమని మంత్రిగారు మెచ్చుకున్నారు."

"దేవదాసుకి పరిహారం?"

"నిర్లక్ష్యం వల్ల గాయమని రాశారు. మిషను వాడే పద్ధతికి విరుద్ధంగా సందులో చెయ్యి పెట్టాడట. మన ఫైలు కూడా మూసేశాను. ఏమీ జరగలేదు కాబట్టి ఏమీ జరగలేదని రాశాను."

"నీళ్లు పారుతున్నాయి కదా. అదే చాలు."

"చాలడం కాదు, ఎక్కువైపోయింది." శివరామయ్య పేపరు మడిచాడు. "పంపు అంత బాగా నడిచేసరికి ఇలాంటివి మరో పదకొండు శాంక్షన్ చేశారు. పదకొండు రెంచ్‌లకి ఆర్డరు కూడా వెళ్లింది. అదే కంపెనీకి. గేజిలతో సహా."

ప్రభాకరరావు మీట నొక్కిన చేతిని మళ్లీ జేబులో పెట్టుకున్నాడు.

"ఆ మేస్త్రీకి ఇంకా ఎన్ని వేళ్లున్నాయి?" అడిగాడు చీఫ్.

"ఆరు."

శివరామయ్య మనసులో లెక్క వేసుకుని తల అడ్డంగా ఊపాడు.

"పదకొండుకి చాలవయ్యా."